అమావాస్య దగ్గరే ముహూర్తం: జైసల్మేర్ ఎడారిలో చుక్కల కింద నిశ్చితార్థం ఫోటోలు తీయడం ఎలా?

పెళ్లిలో అరుంధతిని చూపించే తంతు మీకు తెలిసిందే. మిట్టమధ్యాహ్నం పూట పంతులుగారు ఆకాశం వైపు వేలు చూపిస్తారు. పెళ్లికొడుకు "కనబడింది" అంటాడు. పెళ్లికూతురు నవ్వు ఆపుకుంటుంది. వీడియో తీసే అతను ఆ నవ్వును జూమ్ చేస్తాడు. చుక్క మాత్రం ఎవరికీ కనబడదు.

నిశ్చితార్థం అయ్యాక, పెళ్లికి ముందు, ఆ జంటకు అరుంధతిని నిజంగానే చూపించి, చుక్కతో సహా ఫోటో తీసి ఇవ్వొచ్చు. దానికి కావాల్సింది చీకటి. హైదరాబాద్‌లో, విజయవాడలో అంత చీకటి దొరకదు. రాజస్థాన్‌లో జైసల్మేర్ దాటి నలభై కిలోమీటర్లు పోతే థార్ ఎడారిలో దొరుకుతుంది. మీరు కెమెరాతోనే బతికేవాళ్లయినా, మంచి కెమెరా ఉంది కదా అని అక్క నిశ్చితార్థానికి ఇరికించిన తమ్ముడైనా, ఈ పద్ధతి ఒకటే.

ముందు పంచాంగం తీయండి

ఏ లెన్సు కొనాలి అని అడగడానికి ముందు ఏ తిథికి వెళ్తున్నారో చూసుకోండి. చుక్కల ఫోటోను కెమెరా కన్నా చంద్రుడే ఎక్కువ చెడగొడతాడు. నేను మొదటిసారి వెళ్లింది పున్నమికి ముందు రోజు. ఇసుక పట్టపగల్లా మెరిసింది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఫోటోల్లో పట్టుమని ముప్పై చుక్కలు లేవు. మాఘ పున్నమికి జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం జరుగుతుంది. ఒంటెల పందేలు చూడాలనుకుంటే అప్పుడు వెళ్లండి, చుక్కల కోసమైతే వద్దు.

లెక్క చాలా తేలిక. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ అష్టమికి అర్ధరాత్రి ప్రాంతంలో వస్తాడు, కాబట్టి ముందు సగం రాత్రి చీకటే. బహుళ ద్వాదశి, త్రయోదశి వచ్చేసరికి తెల్లవారుజామున ఎప్పుడో సన్నగా కనిపిస్తాడు. అమావాస్య దాటాక తదియ నాటి చంద్రవంక సూర్యాస్తమయం తర్వాత రెండు గంటలకు అటూ ఇటూగా కుంగిపోతుంది. పంచమికి మూడు గంటలు దాటుతుంది.

ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది. "అమావాస్య పూట పెళ్లి కావాల్సిన పిల్లను ఎడారికి తీసుకుపోతార్రా?" అని నానమ్మ అంటుంది. ఆవిడతో వాదన పెట్టుకోకండి, అవసరం కూడా లేదు. శుక్ల తదియ, పంచమి ఎంచుకోండి. పెద్దవాళ్లకు ఇష్టమైన తిథులు, మీకూ రాత్రి సగం పైగా చీకటి. పైగా ఆ చంద్రవంక ఉన్న కాసేపూ దిబ్బల మీద పల్చటి వెలుగు పడి ఇసుక అలలు చక్కగా కనిపిస్తాయి.

తర్వాత నెల. అందరూ కోరుకునే పాలపుంత నడిబొడ్డు, అంటే ధనుస్సు, వృశ్చికం వైపు దట్టంగా మెరిసే భాగం, ఏడాది పొడవునా కనబడదు. జైసల్మేర్ టూరిస్టు సీజన్ అక్టోబర్ నుంచి మార్చి దాకా. అందులో నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఆ భాగం కోసం చూడకపోవడమే మంచిది. మిగిలేవి రెండు సందులు.

మొదటిది అక్టోబర్. చీకటి పడగానే, అంటే ఏడున్నర దాటాక, పాలపుంత నైరుతి దిక్కున వాలుతూ ఉంటుంది. తొమ్మిదికల్లా మీ పని అయిపోవాలి. ఆ నెల అమావాస్య చాలాసార్లు మహాలయ అమావాస్య అవుతుంది. దాని ముందంతా పితృపక్షాలు, ఆ పదిహేను రోజుల్లో షూట్ మాట ఇంట్లో ఎత్తనే కూడదు. అది దాటగానే దసరా నవరాత్రుల మొదటి మూడు రోజులున్నాయి చూడండి, అవి వదలొద్దు. 2026లో మహాలయ అమావాస్య అక్టోబర్ 10న.

రెండోది శివరాత్రి ప్రాంతం. మాఘ బహుళ చతుర్దశి, చంద్రుడు తెల్లవారే ముందు గానీ రాడు. రాత్రి మూడు దాటాక పాలపుంత ఆగ్నేయం నుంచి పైకి లేస్తుంది, నాలుగున్నరకు ఫోటోకు తగినంత ఎత్తుకు వస్తుంది, ఆరింటికి తూర్పు తెల్లబడేదాకా మీదే. 2027లో మహాశివరాత్రి మార్చి 6న. ఎలాగూ జాగరణే కదా అని నానమ్మను కూడా ఒప్పించొచ్చు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ ఎడారిలో ఆ మాట నమ్మి స్వెటర్ మానేయకండి.

డిసెంబర్, జనవరిలో వెళ్లక తప్పకపోతే బాధ లేదు. అప్పుడు ఆకాశంలో హీరో గొల్లకావిడి. మృగశిర దగ్గర వరసగా ఉండే ఆ మూడు చుక్కలూ డిసెంబర్ మధ్యలో రాత్రి ఎనిమిదికల్లా తూర్పున నిలువుగా నిలబడి ఉంటాయి. పక్కన ఎర్రటి ఆర్ద్ర, కాస్త పైన రోహిణి, ఇంకా పైన పిల్లలకోడి, అదే కృత్తికలు. నాకైతే పాలపుంత కన్నా ఈ ఆకాశమే ఎక్కువ ఇష్టం. ఫోటో చూపించినప్పుడు ఊళ్లో తాతయ్యలు కూడా పేర్లు పెట్టి గుర్తుపడతారు.

సమ్ వెళ్లాలా, ఖూరీ వెళ్లాలా

చాలామంది జోధ్‌పూర్ దాకా వచ్చి, అక్కడి నుంచి సుమారు 280 కిలోమీటర్లు రోడ్డు మీద జైసల్మేర్ చేరతారు. సీజన్‌లో జైసల్మేర్‌కే విమానాలు కూడా ఉంటాయి. ఊరికి పడమరగా సుమారు 40 కిలోమీటర్లలో సమ్ దిబ్బలు, నైరుతి వైపు ఇంచుమించు అంతే దూరంలో ఖూరీ గ్రామం.

సమ్ దిబ్బలు పెద్దవి, అందమైనవి. కానీ రోడ్డు పొడుగునా క్యాంపులు, ప్రతి క్యాంపులో ఫ్లడ్‌లైట్లు, కాల్బేలియా నాచ్ అనే రాజస్థానీ జానపద నృత్యం, తర్వాత డీజే. పది, పదకొండు దాకా చీకటన్నది ఉండదు. దిబ్బల మీద జీపు సఫారీలు తిరుగుతుంటాయి, మీరు పదిహేను సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టిన, అంటే కెమెరా షట్టర్‌ను అంతసేపు తెరిచి ఉంచిన ప్రతిసారీ ఒక హెడ్‌లైటు దాని మీదుగా పోతుంది. ఖూరీలో దిబ్బలు కాస్త చిన్నవి, హడావుడి తక్కువ. దిక్కులు కూడా ఖూరీకే కలిసొస్తాయి. జైసల్మేర్ ఊరి వెలుగు ఈశాన్యాన ఉంటుంది, అక్టోబర్ పాలపుంత నైరుతిన, ఫిబ్రవరి పాలపుంత ఆగ్నేయాన. రెండూ వెలుగుకు దూరంగానే. నేనైతే ఖూరీ అనే చెబుతాను.

ఎక్కడ దిగినా బుక్ చేసేటప్పుడే ఒక ప్రశ్న అడగండి: మీ క్యాంపు లైట్లు ఎన్నింటికి ఆపేస్తారు? అరగంట ముందే ఆపగలరా? ఒకసారి ఒక క్యాంపులో ఫోన్‌లో అన్నింటికీ "హో జాయేగా" అన్నారు. తీరా వెళ్తే జనరేటర్ పక్క క్యాంపుది, స్విచ్ వాళ్ల చేతిలోనే లేదు. అందుకే క్యాంపు నుంచి నడిచి వెళ్లగల దూరంలో, ఒక పెద్ద దిబ్బకు అవతలి వైపు చోటు ఉందా అని కూడా అడగండి. దిబ్బ అడ్డం వస్తే చాలు, సగం లైట్లు ఆగిపోతాయి. ఎదురుపడగానే "ఖమ్మా ఘణీ" అని పలకరిస్తే అక్కడి వాళ్ల ముఖం విప్పారుతుంది. ఒంటె తోలే ఆయనకు ఏ దిబ్బ ఏ దిక్కుకు తిరిగి ఉందో మీ మ్యాప్ కన్నా బాగా తెలుసు.

జైసల్మేర్ చుట్టూ గాలిమరలు చాలా ఉన్నాయి. పగలు ఫోటోకు అందం. రాత్రి వాటి నెత్తిన ఎర్ర లైట్లు మిణుకు మిణుకుమంటూ దిగంతం మీద చుక్కల దండలా వస్తాయి. చోటు ఎంచుకునేటప్పుడు ఆ దిక్కు చూసుకోండి.

ఇది పాకిస్తాన్ సరిహద్దు జిల్లా. డ్రోన్ బ్యాగులో కూడా పెట్టుకోవద్దు, లేనిపోని తలనొప్పి. జంటలో ఒకరికి విదేశీ పాస్‌పోర్టు ఉంటే సరిహద్దు వైపు ఊళ్లకు ముందే అనుమతి తీసుకోవాల్సి రావొచ్చు, క్యాంపువాళ్లతో రాతపూర్వకంగా ఖరారు చేసుకోండి. ఈ చుట్టుపక్కలే డెజర్ట్ నేషనల్ పార్క్ కూడా ఉంది, 3,162 చదరపు కిలోమీటర్లు. బట్టమేక పిట్టకు మిగిలిన చివరి ఇళ్లలో అది ఒకటి. ఒకప్పుడు మన కర్నూలు వైపు రోళ్లపాడులో తిరిగిన పిట్టే. పార్కు హద్దుల్లో పెద్ద లైట్లు, పొగ బాంబులు, పటాకులు పెట్టి రీల్స్ తీసే ఆలోచన ఉంటే మానుకోండి.

బట్టలు

ఇది ముందే మాట్లాడాలి, ఎందుకంటే పెళ్లికూతురు అప్పటికే షాపింగ్ మొదలుపెట్టి ఉంటుంది. నల్లవి, ముదురు నీలం రాత్రిలో కలిసిపోయి తలలు మాత్రమే తేలుతున్నట్టు కనబడతాయి. మీగడ రంగు, లేత గులాబి, పసుపు, ఇటుక ఎరుపు బాగుంటాయి. నిండు జరీ ఉన్న కంచిపట్టు పగటికి దాచండి. ఫ్లాష్ పడగానే జరీ అంతా తెల్లటి మచ్చలుగా కాలిపోతుంది. చమ్కీలదీ అదే కథ. పొడవాటి చున్నీ, పైట గాలికి ఎగిరితే వీడియోలో బాగుంటుంది, పదిహేను సెకన్ల ఫోటోలో మాత్రం పొగలా వస్తుంది. పిన్నులు ఎక్కువ పెట్టుకోమనండి.

జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగిపోతుంది, కొన్ని రాత్రులు ఇంకా కిందికి. చీర లోపల ఒంటికి అంటుకునే థర్మల్స్, ఫ్రేముల మధ్యలో కప్పుకోవడానికి రెండు మందపాటి శాలువాలు. వణికే మనిషిని ఏ కెమెరా షార్ప్‌గా తీయలేదు. కాళ్లకు బూట్లు. ఫోటోలో పాదాలు ఎలాగూ కనబడవు. ఎడారిలో పింజర జాతి విషపాములు ఉంటాయి, అక్టోబర్ లాంటి వెచ్చటి రోజుల్లో రాత్రిపూటే తిరుగుతాయి. పల్లేరుకాయల్లాంటి ముళ్ల గింజలు సరేసరి, లంగా అంచు నిండా పట్టుకుని పీకినా రావు.

వెలుతురు ఉండగానే సగం పని చేసేయండి

సూర్యాస్తమయానికి కనీసం గంటన్నర ముందు దిబ్బ మీద ఉండాలి. జైసల్మేర్ బాగా పడమరన ఉంది కాబట్టి పొద్దు మనకన్నా ఆలస్యంగా కుంకుతుంది. అక్టోబర్ మధ్యలో ఆరుంపావుకు, ఫిబ్రవరి చివర్లో ఆరూముప్పావుకు. హైదరాబాద్ టైము మనసులో పెట్టుకుని ప్లాన్ వేయకండి.

స్టెల్లేరియం లాంటి చుక్కల మ్యాప్ యాప్‌లో ఆ రాత్రి పాలపుంత ఏ గంటకు ఏ దిక్కున ఉంటుందో చూసి, ఆ దిక్కుకు అంచు కనబడే దిబ్బను పట్టుకోండి. జంట దిబ్బ అంచు మీద ఉండాలి, కెమెరా కింద, మీ మోకాలి ఎత్తులో. అప్పుడే తలలు, భుజాలు ఇసుకలో కలవకుండా ఆకాశం మీద పడతాయి. మొత్తం ఈ గైడ్‌లో ఒక్క వాక్యమే గుర్తుంటుందంటే అది ఇదే కావాలి.

జంట నిలబడే చోట చిన్న పుల్ల గుచ్చండి, కెమెరా చోట ఇంకొకటి. ముఖ్యంగా, ముందువైపు ఇసుక మీద ఎవరూ నడవకుండా చూడండి. జంటను వెనకవైపు నుంచి ఎక్కించండి. గాలికి పడ్డ ఇసుక గీతలు చెప్పుల గుర్తులతో చెడిపోతే ఆ రాత్రికి మళ్లీ రావు. డ్రైవర్‌కు, టీ తెచ్చే కుర్రాడికి, సరదాగా వెంట వచ్చిన మేనమామకు కూడా ఇది ముందే చెప్పండి. మేనమామకు రెండుసార్లు చెప్పండి.

పొద్దు కుంకాక వచ్చే నీలిరంగు అరగంటను ఉంగరాల కోసం వాడుకోండి. ఉంగరం దగ్గరి ఫోటో చీకట్లో ఎంత కష్టపడినా కుదరదు. ఈ నీలి వెలుగులో చేతులు, ఉంగరాలు, వెనక మసకగా దిబ్బలు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. సాధారణ పోర్ట్రెయిట్లు కూడా ఇప్పుడే కానివ్వండి. రాత్రంతా మబ్బు పట్టినా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

లెన్సు కూడా ఈ వెలుగులోనే, బ్యాగు లోపల చెయ్యి పెట్టి మార్చుకోండి. తర్వాత మార్చకండి. సెన్సర్ మీద ఒక్క ఇసుక రేణువు చాలు.

ట్రైపాడ్ కాళ్లు ఇసుకలో మెల్లగా దిగుతూ ఉంటాయి, మీకు తెలియదు, ఫోటోలో చుక్కలు గీతలైనప్పుడు తెలుస్తుంది. కాళ్ల కింద స్టీలు డబ్బా మూతలు మూడు పెట్టండి. ఇంట్లో అమ్మకు చెప్పి తెచ్చుకోండి, లేకపోతే వచ్చాక పోపుల డబ్బా మూత గురించి సమాధానం చెప్పుకోవాలి. బరువైన బ్యాగు ట్రైపాడ్ మధ్యలో వేలాడదీయండి, అది గాలికి ఊగకుండా నేలను తాకుతూ ఉండాలి.

ఫోకస్, తర్వాత అంకెలు

సూర్యుడు కుంకిన గంటా ఇరవై నిమిషాలకు గానీ పూర్తి చీకటి రాదు. తెల్ల టార్చీలు, ఫోన్లు లోపల పెట్టించండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్క వాట్సాప్ మెసేజ్ చూస్తే మళ్లీ మొదటికి. ఎర్ర లైటు ఉన్న హెడ్‌ల్యాంప్ వాడండి. లేదంటే టార్చీకి వెలుగు దూరే పల్చటి ఎర్ర కాగితం చుట్టండి.

ఆటో ఫోకస్ ఆపేయండి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, ఒక మెరిసే చుక్కను పదింతలు పెద్దది చేసి, లెన్సు ఫోకస్ రింగు తిప్పుతూ అది సూదిమొన అంత చిన్నగా అయ్యేదాకా తేండి. ఆ రింగుకు టేపు వేసేయండి. లెన్సు మీద ఉన్న అనంతం గుర్తును నమ్మొద్దు, చాలా లెన్సుల్లో అది అబద్ధం.

జంట కూడా షార్ప్‌గా రావాలంటే దూరం లెక్క ఉంది. 20 మిల్లీమీటర్ల లెన్సు, దాని కన్ను బాగా తెరుచుకునే ఎఫ్ 2 దగ్గర, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో జంట ఏడు మీటర్లకు అవతల ఉంటే చుక్కల మీద చేసిన ఫోకస్‌లో వాళ్లూ దాదాపు సరిపోతారు. 50 మిల్లీమీటర్లకు అదే దూరం నలభై మీటర్లు దాటుతుంది. అందుకే కింద కెమెరా, దిబ్బ అంచు మీద జంట అని ముందే అన్నాను. వాళ్లు దూరంగా ఉండటం వల్ల ఆకాశం పెద్దగా కనబడటం ఒక్కటే కాదు, ఫోకస్ కూడా కుదురుతుంది.

భూమి తిరుగుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఎక్కువైతే చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్సు మిల్లీమీటర్లతో భాగించమని పాత సూత్రం. ఇప్పటి ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరాలకు 300 పెట్టుకోండి. 20 మిల్లీమీటర్లకు 15 సెకన్లు. ఎఫ్ 2 లేదా 2.8, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 3200తో మొదలుపెట్టి అవసరమైతే 6400. రంగుల వెచ్చదనాన్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ ప్రాంతం. రా ఫార్మాట్, అంటే తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే ముడి ఫైలు, తప్పనిసరి. షట్టర్ నొక్కినప్పుడు కదలకుండా రెండు సెకన్ల టైమర్. కెమెరా తెర వెలుతురు బాగా తగ్గించండి, చీకట్లో ఏ ఫోటో చూసినా అద్భుతంగా కనబడి మోసం చేస్తుంది. వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్ చూడండి, అది అబద్ధం చెప్పదు.

జంట మీద వెలుగు

చాలామంది ఇక్కడే పాడుచేసుకుంటారు. ఆకాశం కోసం కెమెరా అంత సున్నితంగా పెట్టినప్పుడు మామూలు ఎల్ఈడీ ప్యానెల్ అతి తక్కువలో పెట్టినా ముఖాలు సున్నం కొట్టినట్టు వస్తాయి. మీకు కావాల్సింది వెలుగు కాదు, వెలుగు వాసన.

పద్ధతులు రెండు. మొదటిది ఫ్లాష్. కెమెరా మీద కాదు, జంటకు పక్కగా మూడు నాలుగు మీటర్ల దూరంలో ఒక మనిషి చేతిలో. అతి తక్కువ పవర్, 1/128. దాని ముందు నారింజ రంగు జెల్, అంటే పల్చటి రంగు పొర, లేకపోతే ఫ్లాష్ నీలంగా, ఆస్పత్రి ట్యూబ్‌లైట్‌లా పడుతుంది. ఎక్స్‌పోజర్ మొదట్లో ఒక్కసారి వెలుగుతుంది, మిగతా పద్నాలుగు సెకన్లు చీకట్లో ఆకాశం నిండుతుంది. ఫ్లాష్ వెలగగానే అయిపోయిందనుకుని జంట కదిలిపోతారు, అది సహజం. కదిలితే వాళ్ల తలల లోంచి చుక్కలు కనబడతాయి. ఒక పెళ్లికొడుకు బుగ్గ మీద ఏకంగా ఆర్ద్ర నక్షత్రం దిగిన ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది.

రెండో పద్ధతి నాకు ఎక్కువ ఇష్టం. ఎల్ఈడీ ప్యానెల్‌ను ఒక్క శాతంలో పెట్టి, జంట వైపు కాకుండా పక్కన ఇసుక మీద పరిచిన తెల్ల పంచె వైపు తిప్పండి. పంచె మీద పడి తిరిగొచ్చే వెలుగు వెన్నెల్లా ఉంటుంది. ఇంకా ఎక్కువైతే ప్యానెల్‌ను దూరం జరపండి, లేదా మీద రెండు మడతల చేతిరుమాలు వేయండి. లాంతరు పట్టుకున్న ఫోటో అడిగితే నిజం కిరోసిన్ లాంతరు వద్దు, పట్టుకున్న చెయ్యి కాలిపోయినట్టు తెల్లగా వస్తుంది. లాంతరు లోపల చిన్న బ్యాటరీ దీపం పెట్టి దానికి ఉల్లిపొర కాగితం చుట్టండి.

అసలు ఏ లైటూ లేకుండా ఒట్టి నీడబొమ్మలుగా తీసినవి తరచూ అన్నింటికన్నా బాగుంటాయి. పక్క నుంచి చూస్తే ముక్కు, గడ్డం విడివిడిగా తెలిసేలా ఇద్దరి మధ్య వేలెడు సందు ఉంచండి. పూర్తిగా కౌగిలించుకుంటే నీడలో ఒకే ముద్ద అవుతుంది.

పదిహేను సెకన్లు నిలబెట్టడం

కదలకుండా నిలబడటం పోజు మీద ఆధారపడి ఉంటుంది, మనోబలం మీద కాదు. నుదురు నుదురు ఆనించి నిలబడితే ఇద్దరూ ఒకరికొకరు ఆసరా. వీపు వీపు ఆనించి కూర్చోవడం ఇంకా తేలిక. అమ్మాయిని గాల్లోకి ఎత్తడం, చెయ్యి పట్టి తిప్పడం ఇక్కడ పనికిరావు. తల పైకెత్తి ఆకాశం చూడమంటే మూడో సెకనుకే మెడ ఊగుతుంది. తల వెనక్కి ఆనడానికి ఒకరి భుజం ఉండాలి.

ఊపిరి వదిలి, సగంలో ఆపమనండి. మీరు పైకి లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు. లెక్క వినబడుతుంటే టెన్షన్ ఉండదు, ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఆరు ఫ్రేములకు ఒకసారి శాలువా, టీ. నిశ్చితార్థం అయి నెల కూడా కాని జంటలు మొదట్లో ఒకరినొకరు తాకడానికే మొహమాటపడతారు. చీకట్లో, ఎవరూ చూడని చోట, ఆ బిగువు దానంతటదే పోతుంది. మీరు మాత్రం అటు తిరిగి కాసేపు సెట్టింగులు మారుస్తున్నట్టు నటించండి.

జంట తీసిన ఫ్రేము అయిపోగానే వాళ్లను తప్పుకోమని, ట్రైపాడ్ ముట్టుకోకుండా, అదే సెట్టింగులతో ఒట్టి ఆకాశం పది ఫ్రేములు తీయండి. తర్వాత వాటిని ఒకదానిమీద ఒకటి కలిపితే చీకటి ఫోటోల్లో వచ్చే గరుకు గింజలు తగ్గి ఆకాశం నున్నగా వస్తుంది. విండోస్‌లో సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది.

అరుంధతి ఫ్రేము

దీనికి ఫిబ్రవరి, మార్చి రాత్రులే సరైనవి. రాత్రి పదీ పదకొండు మధ్య ఈశాన్యంలో సప్తర్షులు గరిటె ఆకారంలో లేస్తూ ఉంటారు. గరిటె కాడ కొసన మొదటి చుక్క మరీచి, రెండోది వశిష్ఠుడు. వశిష్ఠుడి పక్కనే, కళ్లు చికిలిస్తే కనబడే మసక చుక్క అరుంధతి. ముందు జంటకు కంటితో చూపించండి. ఫోటో ఐదు నిమిషాలు ఆగుతుంది.

ఇక్కడ వెడల్పాటి లెన్సు పనికిరాదు. వశిష్ఠుడికీ అరుంధతికీ మధ్య దూరం డిగ్రీలో ఐదో వంతే, 20 మిల్లీమీటర్లలో రెండూ దాదాపు ఒకే చుక్కలా కనబడతాయి. 50 మిల్లీమీటర్లు పెట్టి కెమెరాను నిలువుగా తిప్పండి. ధ్రువుడికి దగ్గరగా ఉన్న చుక్కలు నెమ్మదిగా కదులుతాయి కాబట్టి ఎనిమిది, పది సెకన్ల దాకా ఇవ్వొచ్చు. జంట దిబ్బ మీద, నలభై మీటర్లకు అవతల. అబ్బాయి చెయ్యి చాచి చూపిస్తే ఆ చెయ్యి ఊగుతుంది. మోచేయి ఒంటికి ఆనించి వేలు మాత్రం ఎత్తమనండి, లేదా అమ్మాయి భుజం మీంచి చూపించమనండి. ఖూరీ నుంచి ఈశాన్యమంటే జైసల్మేర్ ఊరి వెలుగున్న దిక్కే. అది దిగంతం మీద లేత నారింజ పట్టీలా వచ్చి, దాని మీద జంట నీడ ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

ఇది పదకొండుకు ముగిస్తే నాలుగు గంటలు నిద్రపోయి, మూడున్నరకు లేచి పాలపుంత పట్టుకోవచ్చు. నిద్రపోయే ముందు ఒక పని. ట్రైపాడ్‌ను ఉత్తరానికి తిప్పి, ధ్రువ నక్షత్రాన్ని ఫ్రేములో పెట్టి, 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు 120 వరసగా పడేలా ఇంటర్వెల్ టైమర్ పెట్టండి. గంట తర్వాత ధ్రువుడి చుట్టూ చుక్కలు గాజుల్లా తిరిగిన ఫోటో వస్తుంది. ధ్రువుడు హైదరాబాద్‌లో 17 డిగ్రీల ఎత్తులో ఉంటే ఇక్కడ 27 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కెమెరా దగ్గర ఎవరైనా మనిషి ఉండాలి, రాత్రి ఒంటెలు కుక్కలు తిరుగుతాయి.

చలికి బ్యాటరీలు సగంలోనే చేతులెత్తేస్తాయి. మిగతా బ్యాటరీలు జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. తెల్లవారుజామున లెన్సు మీద తేమ పడితే గుడ్డతో తుడవకండి, ఇసుక గీతలు పడతాయి. గాలి ఊదే రబ్బరు బుడ్డి, బ్లోయర్‌తో ఊది, లెన్సు చుట్టూ ఒక సాక్సు తొడిగి అందులో హ్యాండ్ వార్మర్ పెట్టండి.

కెమెరా లేదా? ఫోన్‌తోనూ అవుతుంది. పిక్సెల్ ఫోన్లలో ట్రైపాడ్ మీద పెడితే నాలుగు నిమిషాల దాకా ఆకాశాన్ని తీసే మోడ్ ఉంది, ఐఫోన్‌లో నైట్ మోడ్ ట్రైపాడ్ మీద 30 సెకన్ల దాకా పోతుంది. జంట నీడబొమ్మలుగా కూర్చుంటే ఇన్‌స్టాగ్రామ్‌కు చాలు, గోడకు ఫ్రేము కట్టేంత రాదు.

ఇంటికొచ్చాక

ఎడిటింగ్‌లో ఆకాశాన్ని ఊదా రంగు చేసే మీట ఒకటి ఉంటుంది, దాని జోలికి పోకండి. ఎడారి ఆకాశం బూడిద కలిసిన నీలం, పాలపుంత మధ్యలో లేత పసుపు. విమానాలు, ఉపగ్రహాల గీతలు చెరిపేయండి. చర్మం రంగు ముందు సరిచేసి తర్వాత ఆకాశం పట్టండి. వేరే చోట తీసిన పాలపుంత అతికించడం మాత్రం వద్దు. డిసెంబర్ పెళ్లి ఆల్బమ్‌లో ఉత్తర దిక్కున నిలువుగా నిలబడ్డ పాలపుంతలు ఎన్నో చూశాను. చుక్కలు తెలిసినవాడు ఒక్కడు పెళ్లికి వచ్చినా పరువు పోతుంది.

కార్డులోని ఫోటోలు ఆ తెల్లవారే క్యాంపులోనే రెండు చోట్ల కాపీ చేసుకోండి. ట్రైపాడ్‌ను అక్కడ మూయకండి, కీళ్లలో ఇసుక గరగరలాడుతుంది. కాళ్లు పూర్తిగా పొడుగ్గా ఉంచి దుప్పటిలో చుట్టి తెచ్చుకుని, ఇంట్లో బకెట్ నీళ్లలో కడిగి, ఒక రోజు నీడలో ఆరబెట్టి అప్పుడు మూయండి. స్టీలు మూతలు కడిగి అమ్మకు ఇచ్చేయండి.